ఆ చరణం, వరస లేకుండా

మా వైపు విందు అంటే పాట ఉండాలి. ఎవరికైనా యాభై ఏళ్ళు నిండినా, ఎవరైనా ఉద్యోగంలో పాతికేళ్ళు పూర్తి చేసినా, వాళ్ళ మీద ఒక పాట కట్టాల్సిందే. వరస కొత్తదేమీ కాదు, చిన్నప్పుడు బడిలో అందరం నేర్చుకున్నదే ఏదో ఒకటి. మాటలు మాత్రం కొత్తవి. వాటిని అచ్చు వేసి, గొట్టంలా చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి పళ్ళెం పక్కన పెడతారు. ముందే విప్పి చదవడం మర్యాద కాదు. అకార్డియన్, అదే తిత్తులున్న హార్మోనీ, మోగగానే అందరం రిబ్బను లాగి గొంతెత్తి పాడేస్తాం. ఏం పాడామో పాడాక తెలుస్తుంది.

మా చీజ్ ఫ్యాక్టరీలో ఈ ముచ్చట డిసెంబరులో పెట్టే క్రిస్మస్ విందునాడు జరుగుతుంది. ప్యాకింగ్ హాల్లో పనిచేసే ప్రతి మనిషి మీదా ఒక చరణం ఉంటుంది. తన చరణం వచ్చినప్పుడు ఆ మనిషి పాడకూడదు. నవ్వుతూ కూర్చోవాలి, చివర్లో గ్లాసు ఎత్తాలి, అప్పుడు అందరం తాగుతాం. ఆ పాట రాసేది మా సూపర్‌వైజర్ ఫ్లెమింగ్. బాగా రాస్తాడు, అది ఒప్పుకోవాలి. దుర్మార్గుడికి ఏ విద్యా అబ్బకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా.

నా పేరు వీబెక. పంతొమ్మిదేళ్ళప్పుడు ఈ ఫ్యాక్టరీలో తెల్ల టోపీ పెట్టుకున్నాను, యాభై దాటినా ఇంకా తీయలేదు. నోరున్నదాన్ని. మనిషిని కూడా భారీగానే ఉంటాను. నేను మాట్లాడుతుంటే సముద్రం మీది గాలి కూడా కాసేపు ఆగి వింటుందని మా ఆయన స్వెన్ ఎగతాళి చేస్తుంటాడు. అలాంటి నేను, పోయిన నవంబరులో ఒక రోజు పొద్దున్నే, ఫ్యాక్టరీ గేటు బయట కారు ఆపుకుని, లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాక స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను. ఏడుపు కంటే ఎక్కువ ఆశ్చర్యం వేసింది నాకు. ఈ ఏడుస్తున్న మనిషి ఎవరా అనుకున్నాను.

మొదలైంది మా అమ్మ దగ్గర. అమ్మ ఫ్యోర్డుకి, అంటే మా ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకి, అవతలి ఒడ్డున వృద్ధుల ఆశ్రమంలో ఉండేది. ఆ వసంతంలో ఒక రోజు అక్కడి నర్సు ఫోన్ చేసింది, ఈ రోజు గడవదు, వచ్చెయ్యమని. పని మధ్యలో వదిలేసి పరిగెత్తాను. సాయంత్రానికి అమ్మ కళ్ళు తెరిచి, ఎన్నాళ్ళకో నన్ను గుర్తుపట్టి, కాఫీ అడిగింది. ఆ సంగతి మర్నాడు ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నాను. కొన్ని వారాలకి మళ్ళీ అదే ఫోను, అదే పరుగు. మళ్ళీ లేచి కూర్చుంది, గట్టి పిండం. మూడోసారి మాత్రం లేవలేదు. మే నెల, కిటికీ బయట లైలాక్ పూలు విచ్చుకుంటున్నాయి. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను.

ఆ మూడుసార్లూ నా షిఫ్టు ఎవరో ఒకరు చెయ్యాలి కదా. ఫ్లెమింగ్‌ని అడిగితే కుదరదన్నాడు. "అందరికీ అమ్మలున్నారు వీబెక, ప్యాకింగ్ బెల్టు ఆగదు," అన్నాడు. కాయ్ తన సెలవు వదులుకుని నా బదులు వచ్చాడు. కాయ్ మా యూనియన్ ప్రతినిధి. గళ్ళ చొక్కా, పెద్ద పొట్ట, విందుల్లో అకార్డియన్ వాయించేది కూడా అతనే.

జూన్‌లో మా డైరెక్టర్ లిస్బెత్ మీటింగ్ పెట్టింది. అందరి ముందూ ఫ్లెమింగ్ లేచి, చేతులు కట్టుకుని, తియ్యగా చెప్పాడు, "మన హాల్లో మనుషులే ముఖ్యం. వీబెక వాళ్ళమ్మ దగ్గర ఉండాలని షిఫ్టులన్నీ నేనే సర్దాను. ఒక కుటుంబం లాగా ఉంటాం మేము."

నాకు ఒళ్ళు మండింది. అమ్మ పోయి నెల కూడా కాలేదు. "నువ్వు కుదరదన్నావు ఫ్లెమింగ్. నా బదులు వచ్చింది కాయ్," అన్నాను.

అంతే. అరవలేదు, తిట్టలేదు. లిస్బెత్ అతని వైపు చూసింది, కాయ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఫ్లెమింగ్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

మర్నాటి నుంచి నాకు గుడ్ మార్నింగ్ లేదు. ఫ్లెమింగ్‌కి ఒక అలవాటుంది, పొద్దున్నే హాలు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తాడు. "గుడ్ మార్నింగ్ హెల్లె. గుడ్ మార్నింగ్ కాయ్." నేను రాగానే గడియారం చూసుకుంటాడు. నా వెనకాల వచ్చినవాళ్ళకి మళ్ళీ "గుడ్ మార్నింగ్". మొదట నన్ను చూడలేదేమో అనుకున్నాను. తలుపు నిండా ఉండే మనిషిని చూడకపోవడం కొంచెం కష్టమే.

తరవాత పేరు మారింది. వీబెక పోయి రాణీగారు అయ్యాను. "రాణీగారికి ఈ బెల్టు వేగం సరిపోయిందో లేదో కనుక్కోండి." "రాణీగారు కాఫీకి వేంచేస్తున్నారు, దారి వదలండి." నన్ను హాలు చివర, అట్టపెట్టెలు మడిచే మిషన్ దగ్గర పడేశాడు. అక్కడ ఆ మిషన్ రొద తప్ప మనిషి మాట వినపడదు. భోజనం వేళ మారితే అందరికీ చెప్పి నాకు చెప్పేవాడు కాదు. నేను రై రొట్టె డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి వాళ్ళంతా చేతులు కడుక్కుంటూ ఉండేవాళ్ళు.

ఒక్కొక్కటీ చూస్తే ఏముంది అందులో, చీమ కుట్టినంత. కానీ రోజూ అదే చోట కుడుతుంటే తెలుస్తుంది.

శుక్రవారం పొద్దున అందరం కలిసి టిఫిన్ చేస్తాం మేము. వంతుల ప్రకారం ఒకళ్ళు బన్నులు తెస్తారు, వెన్నా చీజూ ఫ్యాక్టరీవి. సెప్టెంబరులో నా వంతు వచ్చింది. తెల్లవారకముందే లేచి గసగసాలు చల్లిన బన్నులు నా చేత్తో కాల్చాను. బుట్టలో గుడ్డ కప్పి, వేడివేడిగా తెచ్చి బల్ల మీద పెట్టాను. అందరూ కూర్చున్నాక ఫ్లెమింగ్ వచ్చాడు, చేతిలో ఊళ్ళోని పెద్ద బేకరీ డబ్బాలు. లోపల బాదం ముద్ద పెట్టిన తీపి రొట్టెలు. "ఇవాళ నా తరఫున! ఎందుకో మిమ్మల్నందరినీ ముద్దు చెయ్యాలనిపించింది!" అని డబ్బాలు తెరిచి ఒక్కొక్కరి ముందూ పట్టుకు తిరిగాడు. ఎవరు వద్దంటారు? నా బుట్ట మీది గుడ్డ ఎవరూ తియ్యలేదు. హెల్లె చెయ్యి ఒక్క క్షణం అటు వెళ్ళింది, ఫ్లెమింగ్ చూశాడు, చెయ్యి వెనక్కి పోయింది.

ఆ బన్నులన్నీ మా కోళ్ళు తిన్నాయి. స్వెన్ పెరట్లో నిలబడి ముక్కలు విసురుతూ, "ఇంత మంచి బన్నులు తిని ఈ కోళ్ళు రేపటి నుంచి గింజలు ముట్టుకోవు," అన్నాడు. నన్ను నవ్వించాలని. నేను నవ్వలేదు. అతను మిగతా ముక్కలు జేబులో పెట్టుకుని తనే తినేశాడు.

హెల్లె, నేనూ ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. దాని పెళ్ళికి నేను, నా పెళ్ళికి అది. రోజూ పక్కపక్కనే కూర్చుని తినేవాళ్ళం. అక్టోబరు నుంచి బల్ల అవతలి కొసకి మారిపోయింది. టోపీలు పెట్టుకునే గదిలో పట్టుకున్నాను.

"నా మీద కోపమా నీకు?"

"కోపమేంటే, పిచ్చిదానా."

"మరి?"

తలుపు వైపు చూసింది. "నీ పక్కన కూర్చుంటే నాకూ ఒక పేరు పెడతాడు. నాకు నీ అంత గుండె లేదు వీబెక."

కనీసం నిజం చెప్పింది. కాయ్ ఆ మాత్రం కూడా చెప్పలేదు. యూనియన్ మనిషి కదా అని అతని దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. మిషన్‌కి గ్రీజు పెడుతూ విన్నాడు.

"ఫ్లెమింగ్ సంగతి తెలిసిందే కదా. వాడి సరదా అంతే. పట్టించుకోకు."

"నీ మీద కూడా సరదా చేస్తాడా?"

"ఎందుకు చెయ్యడు? నా పొట్ట మీద ప్రతి ఏడాదీ ఒక చరణం."

"పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెప్తాడా నీకు?"

"చెప్తాడు."

"మరి నాది ఏ రకం సరదా కాయ్?"

గ్రీజు చేతులతో తల గోక్కున్నాడు. "క్రిస్మస్ అయ్యాక చూద్దాంలే," అన్నాడు.

నేరుగా ఫ్లెమింగ్‌నే అడిగాను చివరికి, అతని గాజు గదిలోకి వెళ్ళి. కుర్చీ వెనక్కి వాల్చి, నా కేసి జాలిగా చూశాడు. "సరదాకి అన్న మాటలు పట్టుకుని ఇంత చేస్తావేంటి? ఒంట్లో బాగుంటోందా? ఈ వయసులో ఆడవాళ్ళకి మనసు కొంచెం అటూ ఇటూ అవుతుందంటారు. డాక్టర్‌కి చూపించుకో." మా దేశంలో సరదా అనే మాట కింద ఎంత దారుణమైనా చెల్లిపోతుంది. సరదా అన్నాక కూడా నొచ్చుకుంటే తప్పు నొచ్చుకున్నవాళ్ళది.

గేటు బయట ఏడ్చింది ఆ మర్నాడే. సాయంత్రం స్వెన్ నా ముందు కూర్చుని కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. రేవులో చేపల ఫ్యాక్టరీ ఫోర్‌మన్ అతని పాత స్నేహితుడు. జనవరి నుంచి నాకు పని ఇస్తానన్నాడట.

"జీతం కొంచెం తక్కువ, కంపు కొంచెం ఎక్కువ," అన్నాడు స్వెన్. "కానీ మనుషులు మంచివాళ్ళు. క్రిస్మస్ విందు అయిన మర్నాటికల్లా ఏదో ఒక మాట చెప్పెయ్యాలి."

"నేను చీజ్ మనిషిని స్వెన్."

"తెలుసు. కానీ నువ్వు ఏడుస్తుంటే నేను చూడలేను."

నాకు ఆ ఫ్యాక్టరీ అంటే ఇష్టం. ఉప్పు నీళ్ళ తొట్టెల వాసన ఇష్టం, పొద్దున్నే ఇనప బల్లలు కడిగేటప్పుడు లేచే ఆవిరి ఇష్టం. ఎవడో ఒకడు గుడ్ మార్నింగ్ చెప్పలేదని అదంతా వదిలేసి చేపల తలలు కొయ్యాలా? కానీ అదే పొద్దుట, అదే తలుపు, అదే గడియారం చూసుకోవడం తలుచుకుంటే కారు తాళాలు చేతిలోకి తీసుకోబుద్ధయ్యేది కాదు. చేపలకే ఒప్పుకుందామనుకున్నాను.

"అయితే ఆ విందుకి కూడా వెళ్ళకు," అన్నాడు స్వెన్.

"వెళ్తాను. వెళ్ళకపోతే నా చరణం నేను లేకుండా పాడతారు. ఇన్నేళ్ళు పనిచేసి దొడ్డిదారిన పోతానా నేను?"

విందు ఊరి హాల్లో, మధ్యాహ్నం. స్వెన్ కారులో దింపి వెళ్ళాడు. నీలం గౌను వేసుకున్నాను, లిప్‌స్టిక్ వేసుకున్నాను. పొడుగాటి బల్లలు, తెల్ల గుడ్డలు, కొవ్వొత్తులు, హెర్రింగ్ చేపల గిన్నెలు, స్నాప్స్ అనే ఘాటు సారా సీసాలు. బల్ల తల దగ్గర లిస్బెత్. ఆమెకి ఎదురుగా ఫ్లెమింగ్, ఎర్ర బో టై కట్టుకుని, పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. నా పేరు రాసి పెట్టిన చోటు హెల్లె పక్కన. నా పళ్ళెం పక్కన రిబ్బను కట్టిన కాగితం.

కూర్చున్నాను. రిబ్బను లాగాను.

"ఏంటే, ఇప్పుడే చదవకూడదు!" హెల్లె గుసగుసలాడింది.

"ఇవాళ చదువుతాను," అన్నాను.

నా చరణం మధ్యలో ఉంది.

*వీబెకకున్నది ఒక్కతె తల్లి, చావులు మాత్రం మూడంట*
*ఫోను మోగితే పరుగో పరుగు, పనులన్నీ మన పాలంట*
*చచ్చిన ముసలి లేచి కూర్చుని కాఫీ కప్పు అడిగిందంట*
*ఇంకో తల్లిని వెతకండయ్యా, సెలవులు మళ్ళీ కావాలంట!*

ఒకసారి చదివాను. కాగితం మళ్ళీ చుట్టి, రిబ్బను కట్టి, పళ్ళెం పక్కన పెట్టేశాను. నా కోటు కొక్కేనికి తగిలించి ఉంది, తలుపు దగ్గరే. లేచి వెళ్ళిపోవచ్చు. అందరూ ఏమనుకుంటారు? పాపం, ఆ వయసు, అనుకుంటారు. ఫ్లెమింగ్ భుజాలు ఎగరేస్తాడు, సరదా కూడా పడదు అంటాడు. పాట మాత్రం ఆగదు. ఇంత మందీ, అమ్మ అంత్యక్రియలకి పూలు పంపిన ఇదే మనుషులు, నేను లేని చోట ఈ మాటలు గొంతెత్తి పాడతారు, ఏం పాడుతున్నారో తెలియకుండానే.

అప్పుడు నా లోపల ఏదో కుదుటపడింది. భయం పోయిందని చెప్పను. కానీ ఆ నవంబరు నుంచి కనపడకుండా పోయిన వీబెక వచ్చి నా కుర్చీలో కూర్చున్నట్టనిపించింది. పాడనీ, అనుకున్నాను. నిండుగా పాడనీ. హెర్రింగ్ వడ్డించుకుని, ఉల్లిపాయ వేసుకుని, శుభ్రంగా తిన్నాను.

కాయ్ అకార్డియన్ తగిలించుకుని లేచాడు. రిబ్బన్లు రాలాయి. మొదటి చరణం లిస్బెత్ మీద, జాగ్రత్తగా రాసింది, పొగడ్తే ఎక్కువ. తరవాత హెల్లె మీద, కారు వెనక్కి తీస్తూ ఫ్యాక్టరీ జెండా కర్రకి గుద్దిన సంగతి. అందరూ పగలబడి నవ్వారు, హెల్లె కూడా. నేను కూడా పాడాను, నిజంగానే బాగుంది ఆ చరణం. గ్లాసులు, కేకలు, మళ్ళీ అకార్డియన్.

తరవాతది నాది.

మొదటి పంక్తి అందరూ పాడారు. ఆ వరస అలాంటిది, కాళ్ళు వాటంతటవే తాళం వేస్తాయి. రెండో పంక్తి కూడా పాడారు, కొంతమంది నవ్వుతూ. మూడో దానికి వచ్చేసరికి నా పక్కన హెల్లె గొంతు ఆగిపోయింది. ఎదురుగా ఒకరిద్దరు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. కానీ నోళ్ళు అలవాటు మీద ఉన్నాయి, వేళ్ళు అలవాటు మీద ఉన్నాయి, నాలుగో పంక్తి కూడా అయిపోయింది. అన్నిటికంటే గట్టిగా వినిపించింది ఫ్లెమింగ్ గొంతే.

గ్లాసులు లేచాయి. ఇప్పుడు నేను నవ్వి గ్లాసు ఎత్తాలి.

నేను లేచి నిలబడ్డాను. గ్లాసు బల్ల మీదే ఉంది.

"కాయ్, ఒక్క నిమిషం ఆపు," అన్నాను. "ఫ్లెమింగ్, నాకు సరిగ్గా వినపడలేదు. అకార్డియన్ గోలలో మాటలు కలిసిపోయాయి. ఆ చరణం ఒకసారి చదివి పెట్టు."

"చదవాలా?"

"అవును. వరస లేకుండా. నువ్వు రాసిందే కదా."

అతను బల్ల చుట్టూ చూసి కన్ను కొట్టాడు. "రాణీగారికి మళ్ళీ వినాలనుందట! ఆజ్ఞ!" ఒకరిద్దరు కిచకిచమన్నారు. లేచి, కాగితం చాచి పట్టుకుని, తల ఊపుతూ మొదలెట్టాడు. "వీబెకకున్నదీ ఒక్కతె తల్లీ..."

"రాగం వద్దన్నాను. మాట్లాడినట్టు చదువు. నాతో చెప్తున్నట్టు."

"వీబెక, తాగావా ఏంటి?"

"ఇంకా గ్లాసు ముట్టుకోలేదు. చదువు."

చదివాడు. "వీబెకకున్నది ఒక్కతె తల్లి. చావులు మాత్రం మూడంట." రాగం తీసేస్తే ఆ మాటలు ఎంత చిన్నగా, ఎంత నీచంగా ఉన్నాయో. హాల్లో కొవ్వొత్తుల చిటపట వినపడుతోంది. "ఫోను మోగితే పరుగో పరుగు..." గొంతులో హుషారు తగ్గింది. కాగితంలోంచి తల ఎత్తలేదు. "చచ్చిన ముసలి..."

అక్కడ ఆగాడు.

"మిగతాది?" అన్నాను.

"అందరికీ తెలుసు కదా. ఇప్పుడేగా పాడారు."

"వాళ్ళు పాడారు. నాకు నీ నోటితో వినాలనుంది. నా మొహం చూసి."

"సరదాకి రాశాను వీబెక! ప్రతి ఏడాదీ రాస్తాను! అందరి మీదా రాస్తాను!"

"సరదాదైతే చదవడానికి నోరెందుకు రావట్లేదు?"

అతను లిస్బెత్ వైపు చూశాడు, ఆమె ఆపుతుందేమోనని. లిస్బెత్ కాగితం బల్ల మీద బోర్లా పెట్టి అతని వైపే చూస్తోంది.

"ఆ ముసలి పేరు ఎల్నా," అన్నాను. "ఆ కాఫీ నేను పెట్టాను. చెంచాతో పట్టాను. సగం తాగి, బాగుందే అంది. అమ్మ మళ్ళీ నన్ను గుర్తుపట్టిన రోజు అది, ఈ ఏడాది నాకు జరిగిన మంచి అదొక్కటే. దాన్ని నీకు ఇవ్వను ఫ్లెమింగ్. రాణీగారు అను, అట్టపెట్టెల దగ్గర పడెయ్యి, నా బన్నులు కోళ్ళ పాలు చెయ్యి, పొద్దున్నే నన్ను చూసి గడియారం చూసుకో. ఇన్ని నెలలు భరించాను. మా అమ్మని మాత్రం ముట్టుకోకు."

అన్నీ ఒక్కసారి ఒకదాని పక్కన ఒకటి వినేసరికి, అక్కడున్న ప్రతి ఒక్కరికీ తాము చూసిన ముక్క ఏదో గుర్తొచ్చినట్టుంది. ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకుంటున్నారు.

"సరే, సరే!" ఫ్లెమింగ్ చేతులు చరిచాడు. "విందు పాడు చెయ్యకండి! తరవాతి చరణం కాయ్ మీద! కాయ్, వాయించు!"

కాయ్ వాయించలేదు. అకార్డియన్ తిత్తి నెమ్మదిగా మూసి, పట్టీ పెట్టాడు.

"వాయించరా బాబూ!"

ఫ్లెమింగ్ తనే మొదలెట్టాడు, "కాయ్ పొట్టలో ఏముందంటే..." అని. ఒక్కడే. అంత పెద్ద హాల్లో ఒక్క మగ గొంతు, చేత్తో తాళం వేస్తూ, అటూ ఇటూ చూస్తూ, ఎవరైనా అందుకుంటారేమోనని. ఎవరూ అందుకోలేదు. పంక్తి సగంలో ఆగిపోయి కూర్చున్నాడు.

అప్పుడు కాయ్ మాట్లాడాడు, నాతో. "వీబెక, సోమవారం లిస్బెత్ దగ్గరికి వెళ్దాం. నీ పక్కన నేను కూర్చుంటా. క్రిస్మస్ అయ్యాక అన్నాను నీతో. సిగ్గుగా ఉంది."

"నేనూ వస్తా," అంది హెల్లె. "ఆ బన్నుల రోజు నేను అక్కడే ఉన్నాను. భోజనం వేళ మారిన సంగతి దీనికి చెప్పొద్దని ఆయన నాతోనే అన్నాడు."

"పొద్దున తొమ్మిదింటికి రండి," అంది లిస్బెత్. "ఫ్లెమింగ్, నువ్వు పది గంటలకి. విడిగా."

కూర్చోవాలనిపించింది, కానీ కూర్చుంటే ఈ విందు ఇలాగే చచ్చిపోతుంది. అందరూ తలలు వంచుకుని పోర్కు తిని, చీకటి పడకముందే ఇళ్ళకి పోతారు. తప్పు చేసింది ఒకడైతే పండగ అందరిదీ ఎందుకు పోవాలి? పాట అతను రాశాడు గానీ పాడుకునే అలవాటు మాది.

"కాయ్, నీ పొట్ట మీది చరణం చదివాను, బాగుంది," అన్నాను. "పట్టీ విప్పు."

"నిజంగానా?"

"నా గొంతు చల్లబడకముందే."

విప్పాడు. నేనే ఎత్తుకున్నాను. నాది పెద్ద గొంతు, మంచి గొంతు కాదు, అయినా హెల్లె అందుకుంది, తరవాత ఎదుటి వరస, తరవాత హాలంతా. ఫ్యాక్టరీలో మిగిలిన చీజ్ ముక్కలన్నీ కాయ్ పొట్టలో ఎలా భద్రంగా దాచి ఉన్నాయో పైకప్పు లేచిపోయేలా పాడాం. కాయ్ కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ వాయించాడు. చివర్లో వంగి దండం పెట్టాడు. ఫ్లెమింగ్ కాగితం పట్టుకుని కూర్చున్నాడు, పెదాలు కదల్లేదు.

మిగతా చరణాలన్నీ అలాగే పాడాం, ప్రతిదీ నేనే ఎత్తుకున్నాను. నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

పోర్కు అయ్యాక స్వెన్‌కి ఫోన్ చేద్దామని కోట్ల దగ్గరికి వెళ్ళాను. "చేపల ఆయనకి రానని చెప్పెయ్," అన్నాను. "ఏడుస్తున్నావా?" అన్నాడు. "కొంచెం," అన్నాను, "కానీ ఇది వేరే రకం."

ఫోను పెట్టి తిరిగితే ఫ్లెమింగ్ తన కోటు వేసుకుంటున్నాడు. బో టై ఊడదీసి జేబులో కుక్కుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"నువ్వెలాగూ చేపల దగ్గరికి పోతున్నావని ఊరంతా చెప్పుకుంటున్నారు," అన్నాడు. "పోయే ముందు ఇదొకటి చేసి పోవాలా?"

"పోవట్లేదు. జనవరిలోనూ ఇక్కడే ఉంటాను. ఆ తరవాత కూడా."

ఇన్నాళ్ళూ నేను ఎవరికి భయపడ్డానో చూద్దామని ఆ మొహం కేసి తేరిపార చూశాను. అలసిపోయిన మనిషి, ముక్కు కొంచెం ఎర్రగా ఉంది.

"అంత మందిలో నన్ను నవ్వులపాలు చేశావు వీబెక," అన్నాడు.

"ఎవరు నవ్వారు ఫ్లెమింగ్? ఒక్కళ్ళ పేరు చెప్పు."

లోపల్నుంచి పళ్ళేల చప్పుడు, హెల్లె నన్ను పిలవడం వినపడుతున్నాయి. అతను తలుపు తెరుచుకుని గాలిలోకి వెళ్ళిపోయాడు. చలి లోపలికి కొడుతోందని నేను ఆ తలుపు వేసేశాను.